నగరపు రైలు పటం: చుక్కలు, గీతలు

ఉప్పాడలో రైలు స్టేషను లేదు. ఆ ఊరివారు హైదరాబాదు చూడదలచినప్పుడు బస్సులో పిఠాపురమో, సామర్లకోటో చేరి, రైలెక్కి, సికింద్రాబాదులో దిగుతారు. సాలార్జంగ్ మ్యూజియం, చార్మినారు చూడడానికి ఒక్క పగలే వ్యవధి ఉన్నదనుకుందాం. స్టేషను దగ్గరనే మెట్రో రైలు ఉన్నది. దాని పటంలో మూడు రంగుల గీతలు, వాటిమీద వరుసగా చుక్కలు కనబడతాయి. ఎక్కడ ఎక్కవలె? ఎక్కడ మారవలె? ఈ పటం చదవడం తెలియనివారికి సగం పూట దారిలోనే గడిచిపోతుంది. తెలిసినవారికి అది ఒక చక్కని గణిత పాఠం.

ముందుగా గ్రహించవలసినది ఇది భూపటం కాదని. భూపటంలో స్కేలు ఉంటుంది. అంగుళానికి ఇన్ని మైళ్లని కొలవవచ్చు. రైలు పటంలో దూరాలు నిజం కావు, దిక్కులూ పూర్తిగా నిజం కావు. వంకర తిరిగిన మార్గాన్ని తిన్నగా గీస్తారు. అయినా రెండు విషయాలలో ఆ పటం అబద్ధమాడదు. ఏ స్టేషను తరువాత ఏ స్టేషను వచ్చునో ఒకటి. ఏ మార్గాలు ఎక్కడ కలియునో రెండవది. ప్రయాణికునికి కావలసినవి ఆ రెండే.

ఉప్పాడ నేతగాండ్రకు ఈ పద్ధతి కొత్త కాదు. జాందానీ చీరకు పువ్వు నమూనాను గళ్ల కాగితంమీద గీస్తారు. కాగితంమీది పువ్వు కొలతతో మగ్గానికి పని లేదు. ఎన్ని పడుగు పోగులు విడిచి, ఎక్కడ అదనపు పేకను చొప్పించవలెనన్న లెక్కయే ముఖ్యం.

కొలతలను విడిచి కలయికలను మాత్రమే పరిశీలించే గణితానికి 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే శాస్త్రజ్ఞుడు పునాది వేశాడు. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను, దేనినీ రెండుసార్లు దాటకుండా, ఒకే నడకలో దాటడం అసాధ్యమని ఆయన నిరూపించాడు. అందుకు వంతెనల పొడవుతో ఆయనకు పని లేకపోయింది. లండన్ భూగర్భ రైళ్లకు హారీ బెక్ అనే చిత్తుపటాల పనివాడు 1931లో ఈ తరహా పటం గీశాడు. 1933లో అది అచ్చయింది. నేటి నగరాల రైలు పటాలు చాలావరకు దాని బాటలో నడిచినవే.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైనది. 2020 ఫిబ్రవరి 7న తెరచిన భాగంతో మూడు మార్గాలు సుమారు 69 కిలోమీటర్ల మేర ఏర్పడినవి. మొదటిది మియాపూరు నుండి ఎల్.బి. నగరుకు, రెండవది జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు, మూడవది నాగోలు నుండి రాయదుర్గానికి. మొదటిది, మూడవది అమీర్‌పేటలో కలుస్తాయి. రెండవది, మూడవది పరేడ్ గ్రౌండులో కలుస్తాయి. మొదటిది, రెండవది మహాత్మాగాంధీ బస్ స్టేషనులో కలుస్తాయి. అనగా ఏ రెండు మార్గాలను తీసుకున్నా వాటికి ఒక ఉమ్మడి చుక్క ఉన్నది. కనుక ఈ మూడు మార్గాలపై ఏ స్టేషను నుండి ఏ స్టేషనుకు పోవలెనన్నా ఒక్క మార్పు చాలు. రెండవ మార్పు అవసరమే రాదు.

ఇప్పుడు మన యాత్రికులను చూద్దాం. మ్యూజియానికి దగ్గరగా మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగవలె. సికింద్రాబాదు ఈస్టులో ఎక్కి అమీర్‌పేటలో మారితే 15 స్టేషన్ల దూరం. పరేడ్ గ్రౌండులో మారితే 9. ఒక్కొక్క దానికి 2 నిమిషాలు, మార్పుకు 7 నిమిషాలు వేసుకుంటే మొదటి దారికి 37 నిమిషాలు, రెండవదానికి 25 నిమిషాలు అవుతుంది. మూడవ దారి కూడా ఉన్నది. సికింద్రాబాదు వెస్టు స్టేషనుకు నడచిపోయి ఎక్కితే మార్పే లేదు. 7 స్టేషన్లు, 14 నిమిషాలు. ఈస్టు, వెస్టు రెండూ రైల్వే స్టేషనుకు నడకదూరంలోనే ఉన్నా, వేరు మార్గాలపై ఉండడంచేత రైలు పటం ఆ నడకదారిని చూపదు. చార్మినారు కూడా ఈ గీతలపై లేదు. దిగినచోటినుండి ఆటో ఎక్కడమో, నడవడమో చేయవలె. అందుచేత రైలు పటంతోపాటు భూపటమూ చేత ఉండవలె. శుక్రవారం మ్యూజియానికి సెలవన్న సంగతి ఏ పటమూ చెప్పదు.

ప్లాట్‌ఫారం ఎన్నుకోవడానికి దిక్కులు చూడనక్కరలేదు. తాను పోవలసిన వైపున చివరి స్టేషను పేరు గుర్తుంచుకుంటే చాలు; బోర్డుమీద ఆ పేరే ఉంటుంది.

పటంలో మరొక విశేషమున్నది. మూడు కూడలులు కలిసి ఒక వలయమవుతాయి. వలయంలో ఒక వైపు రైళ్లు నిలిచినా రెండవ వైపునుండి చుట్టి పోవచ్చు. నాగోలు, మియాపూరు వంటి తోకలకు ఆ వీలు లేదు.

విద్యార్థులు దీనిని తమ ఊరికే అన్వయించి చూడవచ్చు. ఉప్పాడ, కాకినాడ, పిఠాపురం, సామర్లకోటలను నాలుగు చుక్కలుగా పెట్టి, వాటిని కలిపే రోడ్లను గీతలుగా గీయవలె. తుపాను వేళల్లో ఉప్పాడ–కాకినాడ తీరపు రోడ్డును అలలు కోసివేయడం ఆ ప్రాంతంవారికి తెలిసినదే. ఆ ఒక్క గీతను తుడిచి, ఉప్పాడ నుండి కాకినాడ ఆసుపత్రికి పోవలసినవారికి ఏ దారి మిగిలిందో చూడవలె. పిఠాపురం మీదుగా పోయే గీత విలువ అప్పుడు తెలుస్తుంది.