ముదుసలి గుఱ్ఱము ఏల కుంటెను?

గుఱ్ఱపు కుంటును గూర్చిన వ్యాసమునకు స్త్రీల పత్రికలో తావెక్కడిదని మీలో కొందఱు నవ్వవచ్చును. విరాటుని కొలువున దామగ్రంథి యను పేర గుఱ్ఱములను కాచిన నకులుని కథ మనము భారతమున చదివినదే. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును తెనుగున రచించియే యున్నాడు. అయినను ఆ విద్య పురుషులదే యని మేమును తలచెడివారము. గత శరన్నవరాత్రుల పిమ్మట మా వీథిలో జరిగిన సంగతి ఆ తలపును మార్చినది. అందు మా వంటయింటి పాలును కలదు గనుకనే దీనిని వ్రాయుచున్నాము.

మా యింటికి నాలుగిండ్ల యవతల నొక వృద్ధుడు కలడు. పూర్వము జట్కా తోలెడివాడు. జట్కాలకు గిరాకి పోయిన పిదప పెండ్లి యూరేగింపులకు గుఱ్ఱమును పంపి జీవించుచుండెను. ఆ గుఱ్ఱమునకు 19 ఏండ్లు. చక్కగా సాకినచో గుఱ్ఱములు 25 మొదలు 30 ఏండ్ల వఱకు బ్రదుకును గనుక అది ముదుసలియే గాని కడతేరినది కాదు. వీథిలోని పిల్లల కదియన్న ప్రాణము.

విజయదశమి మఱునాటి యుదయమున అది సాల వెడలి రాలేదు. బలవంతముగా వెడలించినను నిప్పులపై నడచునట్లు కుఱుచ యడుగులు వేసినది. చూచినవారు తలకొక మాట యనిరి. భుజము పట్టినదని యొకరు, లాడపు మేకు లోనికి దిగినదని యొకరు, దిష్టి తగిలినదని వేఱొకరు. తాత మాత్రము, "ముసలిదైపోయిందమ్మా. దానికీ నాకూ కీళ్ళు అరిగిపోయాయి" అని అరుగుపై కూలబడెను. సాయంకాలమునకు బేరగాడొకడు వచ్చి స్వల్పధరకు కొనిపోదునన్నాడు. ఎచ్చటికి కొనిపోవునో అందఱకును తెలియును. ఎవ్వరును అడుగలేదు.

ఆ రాత్రి మావారు పశువైద్యశాలకు కబురు పంపిరి. మఱునాడు వచ్చిన వైద్యురాలు యువతి. ఆమె వచ్చినవెంటనే గుఱ్ఱమును ముట్టలేదు. దూరముగా నిలిచి, అది నిలుచున్న తీరును చూచినది. ముంగాళ్ళు రెంటిని ముందునకు చాచి, బరువును వెనుకకాళ్ళపై వేసికొని యుండెను. పిదప చదునైన గట్టి నేలపై తాతచే మెల్లగా నడిపించి, రెండు వైపులకును త్రిప్పించినది.

ఆమె మాకు విడమఱచి చెప్పిన క్రమ మిది. ఒక ముంగాలు నొచ్చినచో, ఆ కాలు నేల నానునపుడు గుఱ్ఱము తల నెగనెత్తును. మంచికాలు మోపునపుడు తల దించును. దానిని బట్టి యే కాలో తెలియును. మా గుఱ్ఱము తల యాడింపనే లేదు. అంతమాత్రమున నొప్పి లేదని కాదు. రెండు కాళ్ళును సమముగా నొచ్చుటచే ఏ కాలిని కాపాడుకొనవలెనో దానికి తోచలేదు. కీళ్ళరుగుదల యైనచో మొదట బిగిసియుండి, నడచినకొలది కొంత సడలును. ఇది తిరిగినకొలది యెక్కువ బాధపడినది. మేకు గ్రుచ్చుకొన్నను, గిట్టలో చీము పట్టినను సాధారణముగా నొక్కకాలే కుంటును. మెత్తని నేలపై కుంటు హెచ్చినచో నరములను, కండరములను శంకింపవలెను. గట్టి నేలపై హెచ్చినచో గిట్టను శంకింపవలెను. ముంగాలు కుంటిన గుఱ్ఱమునకు జనులు భుజము నెన్నుట వాడుకయే గాని, దోషము పెక్కుసారులు గిట్టలోనే యుండునట. గుఱ్ఱపు బరువున నూటికి 60 పాళ్ళు ముంగాళ్ళే మోయును గదా.

అప్పుడామె గిట్టను తాకి చూచినది. వేడిగా నుండెను. గిట్టకు పైనున్న సన్నని భాగమున వెనుకప్రక్క నాడిని వెదకి, "ఇక్కడ వేలు పెట్టి చూడండమ్మా" అని మా చేతిని తీసికొని యుంచినది. ఆరోగ్యముగానున్న గుఱ్ఱమున కచ్చట నాడి కనుగొనుటయే కష్టమట. మా వ్రేలి క్రింద నది సమ్మెట వ్రేటువలె కొట్టుకొనుచుండెను. పట్టకారువంటి పరికరముతో గిట్ట ముందుభాగమును మెల్లగా నొక్కినంతనే గుఱ్ఱము కాలు లాగికొనెను.

గిట్టలోపలి యెముక పుస్తకపుటాకులవంటి సన్నని పొరలచే గిట్టగోడను పట్టుకొని వ్రేలాడుచుండును. ఆ పొరలు వాచి పట్టు వదలినచో, ఎముక క్రిందికి జాఱును. దీనిని లామినైటిస్ అందురు.

"తాతా, ఈ పదిరోజులూ ఏం పెట్టావు?" అని ఆమె యడిగినది. తాత మా వైపు చూచి, వెంటనే చూపు మరల్చుకొని, "మామూలేనమ్మా. గడ్డి, ఉలవగుగ్గిళ్ళు" అనెను.

అతడు మమ్ము కాపాడుచున్నాడని మాకు తెలిసినది. ఊరకుండలేకపోతిమి. నవరాత్రులు తొమ్మిదిదినములును సాయంకాలమున అమ్మవారికి నివేదించిన చక్రపొంగలి, పరమాన్నము, బెల్లము పళ్ళెమున పెట్టి పిల్లలచే పంపితిమి. మేమొక్కరమే కాదు; వీథిలో ఆఱిండ్లవారు. ప్రసాదముగదా, మూగజీవముగదా యని తలచితిమి. బియ్యము, బెల్లము గుఱ్ఱమునకు మితిమీరినచో ఈ వ్యాధిని తెచ్చును.

"ఏటేటను పెట్టుచునే యుంటిమి గదా, ఈ యేడే యేల?" అని మేమడిగితిమి. ఆమె గుఱ్ఱపు పొట్టక్రింది వెండ్రుకలను చూపినది. పొడవుగా వంకులు తిరిగియున్నవి. వేసవిలోను రాలలేదనియు, నీరు మునుపటికన్న నెక్కువ త్రాగుచున్నదనియు తాత యొప్పుకొనెను. అవి వార్ధకచిహ్నములని అతడు తలచినాడు. మెదడు క్రిందనున్న పిట్యూటరీ యను చిన్న గ్రంథి వికటించుటచే నిట్లగునట. 1932లో హార్వీ కుషింగ్ అను అమెరికా శస్త్రవైద్యుడు మనుష్యులలో ఇట్టి గ్రంథివికారమును వర్ణించినందున, గుఱ్ఱముల వ్యాధిని గూడ ఆయన పేరనే పిలుచుట కలదు. ఆస్ట్రేలియాలో 15 ఏండ్లు పైబడిన గుఱ్ఱములను పరీక్షింపగా నూటికి ఇంచుమించు 21 గుఱ్ఱములకు ఇది యున్నట్లు తేలినది. ఈ వికారముగల గుఱ్ఱములు పెక్కింటికి తీపి పదార్థము గిట్టకు విషమగును. రక్తపరీక్షయు, ఎక్స్‌రేయు ఆమె యనుమానమును బలపఱచినవి. ఎముక కొద్దిగా జాఱినది గాని గిట్ట నింకను వీడలేదు.

పిమ్మట చేసిన చికిత్స యిది. ధాన్యము, తీపి పూర్తిగా మాన్పించితిమి. ఎండుగడ్డిని నీట నానబెట్టి, ఆ నీటిని పాఱబోసి పెట్టితిమి. అందుచే గడ్డిలోని చక్కెర కొంత తగ్గును. మొదటి దినములలో గిట్టలను మంచునీట నుంచితిమి. సాలలో ఇసుకను మందముగా పఱచితిమి. గిట్టలను వైద్యురాలు చెప్పినట్లు చెక్కించితిమి. నొప్పికిని గ్రంథికిని మందులు ఆమెయే యిచ్చినది. మన యింటి నొప్పిమాత్రలను మ్రింగింపరాదనియు, అవి కడుపును చెఱచుటయే గాక రోగమూలమును మఱుగుపఱచుననియు గట్టిగా చెప్పినది.

మూడు నెలలకు గుఱ్ఱము వీథి చివరివఱకు నడచినది. ఇక నూరేగింపులకు పనికిరాదు. బేరగాడు మఱల రాలేదు. పొంగలి పంపిన ఆఱిండ్లవారమే ఇప్పుడు నెలనెల గడ్డికి సొమ్మిచ్చుచున్నాము.

సోదరీమణులారా! ఇంట పశువైనను, పెద్దలైనను కుంటినపుడు "ముసలితనము" అను నొక్కమాటతో సరిపెట్టకుడు. వార్ధకమునకు మందు లేకపోవచ్చును. వార్ధకమున వచ్చు వ్యాధికి తఱచుగా కలదు. మనము ప్రేమతో పెట్టిన దేమో గూడ నొక్కమాఱు లెక్కచూచుకొనుడు.

నేటికిని మేము పళ్ళెముతో గుమ్మమున నిలిచినచో ఆ గుఱ్ఱము సకిలించును. మా చేయి తనంత ముందునకు సాగును. దానిని వెనుకకు తీసికొనుట యిప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నాము.