డిస్కు వ్రాత, వీడియో మార్పిడి: క్రొత్త సాఫ్ట్‌వేరు కొనవలెనా?

వివాహము, ఉపనయనము, షష్టిపూర్తి మొదలగు శుభకార్యములను వీడియో తీయించి డిస్కులపై భద్రపరచుట 2000 తరువాతి దశాబ్దమున మన ఇండ్లలో పరిపాటి యైనది. ఆ డిస్కులు నేటికిని అనేకుల బీరువాలలో నున్నవి. డిస్కులు వ్రాయు సాఫ్ట్‌వేరును, వీడియోను ఒక రూపమునుండి వేరొక రూపమునకు మార్చు సాఫ్ట్‌వేరును కొని కంప్యూటరులో నుంచుకొన్న గృహస్థులు పెక్కురు కలరు. వారికి అప్పుడప్పుడు తెరపై ఒక ప్రకటన కనబడుచుండును. క్రొత్త కూర్పు వచ్చినదనియు, తగ్గింపు ధర కొలది దినములే యనియు అది చెప్పును. కొనవలెనా, మానవలెనా? ఇందుకు సమాధానము ప్రకటనలో దొరకదు. ఆ సాఫ్ట్‌వేరు చేయు పని యెట్టిదో తెలిసికొన్నచో దొరకును.

ఒకే పెట్టెలో అమ్మినను ఇవి రెండు వేర్వేరు పనులు. మొదటిది డిస్కు వ్రాయుట. ఇంటిలో వ్రాయు సీడీ, డీవీడీలలో సాధారణముగా పలుచని రంగుపొర యొకటి యుండును. లేజరు కిరణము ఆ పొరను వేడిచేసి సూక్ష్మమైన గుర్తులను పెట్టును. సీడీకి 780, డీవీడీకి 650, బ్లూరేకు 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కిరణమును వాడుదురు. తరంగము పొట్టిదైన కొలది గుర్తులు చిన్నవై, ఎక్కువ సమాచారము పట్టును. కనుకనే 120 మిల్లీమీటర్ల వెడల్పు గల అదే బిళ్ళపై సీడీయందు 700 మెగాబైట్లు, డీవీడీయందు 4.7 గిగాబైట్లు, బ్లూరేయందు 25 గిగాబైట్లు ఇమిడినవి.

గుర్తులు ఏ క్రమమున నుండవలెనో నిర్ణయించునది ఆయా డిస్కుల ప్రమాణము. డీవీడీ 1996లో విపణికి వచ్చినది. నాటి ప్రమాణమునకు కట్టుబడియే నేటి సాఫ్ట్‌వేరును డీవీడీని వ్రాయవలెను. లేనిచో ప్లేయరు దానిని చదువజాలదు. కావున అదే ఫైలును పాత కూర్పు వ్రాసినను, క్రొత్త కూర్పు వ్రాసినను డిస్కుపై పడు సమాచారము ఒక్కటే. వ్రాత మన్నిక డిస్కు నాణ్యమును, డ్రైవు స్థితిని, వ్రాయు వేగమును ఆశ్రయించి యుండును. మేలైన డిస్కు కొరకు క్రొత్త కూర్పు కొనుట నిరర్థకము.

అట్లని కొనుటకు కారణములు లేకపోలేదు. పాత సాఫ్ట్‌వేరు క్రొత్త కంప్యూటరులో పనిచేయకపోవచ్చును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున అనేకులు విండోస్ 11కు మారుచున్నారు. మారినవారు మొదట తమ పాత సాఫ్ట్‌వేరును నడపి చూడవలెను. సాధారణమైన ఫైళ్ళను డిస్కుపై వ్రాయుటకు విండోస్‌లోనే ఏర్పాటు కలదు. టెలివిజను క్రింది ప్లేయరులో ఆడు డీవీడీని, పట్టికతో సహా తయారు చేయవలెనన్నచో మాత్రము వేరు సాఫ్ట్‌వేరు కావలెను. అందుకును డీవీడీస్టైలర్ వంటివి ఉచితముగా లభించుచున్నవి.

రెండవ పని వీడియో మార్పిడి. ఇందు విషయము భిన్నము. మన దేశపు డీవీడీ చిత్రము 720 అడ్డు, 576 నిలువు బిందువులు గలది. సెకనుకు 25 చిత్రములు. దీనిని కుదింపకుండ దాచినచో ఒక గంటకే సుమారు 56 గిగాబైట్లు పట్టును. డీవీడీలో రెండు గంటల చిత్రము 4.7 గిగాబైట్లలో ఇముడుటకు కారణము, కంటికి అంతగా తెలియని వివరములను విడిచిపెట్టుటయే. డీవీడీ వాడు కుదింపు పద్ధతి ఎంపెగ్-2. ఆ తరువాత 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 వచ్చినవి. ఇవి తక్కువ స్థలములో అంతే స్పష్టత నిచ్చును. 2017 నుండి ఐఫోనులలో హెచ్.265 వాడుకలోనికి వచ్చినది. అంతకు పూర్వపు మార్పిడి సాఫ్ట్‌వేరు అట్టి ఫైళ్ళను తెరువజాలకపోవచ్చును. ఇది క్రొత్త కూర్పునకు న్యాయమైన కారణము. అయినను సొమ్ము చెల్లించుటకు ముందు ఉచితముగా లభించు హ్యాండ్‌బ్రేక్‌ను పరీక్షించుట మంచిది.

ప్రకటనలు చెప్పు మరియొక మాట కలదు: పాత చిత్రమును హై డెఫినిషన్‌గా మార్చుదుమని. డీవీడీ చిత్రములో బిందువులు 4,14,720. హై డెఫినిషన్ చిత్రములో 20,73,600. అనగా ప్రతి అయిదు బిందువులలో నాలుగు సాఫ్ట్‌వేరు ఊహించి పూరించినవే. కృత్రిమ మేధతో పనిచేయు నేటి సాధనములు వేలకొలది ఇతర చిత్రములను చూచి నేర్చిన దానినిబట్టి ఊహించును. తెరపై బొమ్మ నునుపుగా కనబడును. కాని దివంగతులైన మామ్మగారి ముఖముపై అది గీయు గీతలు ఆమెవి కావు. అట్టి ప్రతిని వినోదమునకు చేసికొనవచ్చునుగాని, అసలును పారవేయరాదు.

ఒకసారి విడిచిన వివరము మరల రాదు. టేపునుండి టేపునకు ప్రతి తీసిన కొలది ధ్వని క్షీణించునట్లే, కుదించిన వీడియోను మరల మరల కుదించినచో చిత్రము క్షీణించును. కనుక ముఖ్యమైనది మార్పిడికి ముందు చేయవలసిన పని: డిస్కులోని ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్లుగా హార్డుడిస్కునకు ఎక్కించుకొనుట. దీనికి ఏ సాఫ్ట్‌వేరును కొననక్కరలేదు. డీవీడీ డ్రైవు లేని కంప్యూటరుకు బయటనుండి తగిలించు డ్రైవు చాలును. ఎండ, వేడి, తేమ తగిలిన డిస్కులలో రంగుపొర చెడును. చెడిన పొరను ఏ క్రొత్త కూర్పును బాగుచేయలేదు. సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినది. డిస్కుల కాలము ముగియుచున్నదనుటకు ఇది సూచన.

కాబట్టి ప్రకటన కనబడినప్పుడు గృహస్థుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నాకు కావలసిన ఏ పని నా పాత సాఫ్ట్‌వేరు చేయలేకున్నది? ఆ పనిని ఉచిత సాధనము చేయదా? చెల్లించు సొమ్ము ఒక్కసారితో తీరునా, ఏటేట అద్దెవలె కట్టవలెనా? మొదటి ప్రశ్నకు సమాధానము తోచనిచో మిగిలిన రెండింటితో పనిలేదు. కొనదలచినచో, తయారీదారు ఇచ్చు పరీక్ష కూర్పును వారి సొంత చిరునామానుండియే తీసికొని, మన యింటి వీడియోలో ఒక నిమిషము మార్చి చూడవలెను. మాటయు పెదవుల కదలికయు కలిసి వచ్చుచున్నవా, వేగముగా కదలు దృశ్యములు చెదరుచున్నవా అని గమనింపవలెను.

అమెరికాలో నున్న కుమార్తెకు పెండ్లి వీడియో పంపవలెనన్నచో మన డీవీడీ అక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చును, హెచ్.264తో చేసిన ఎంపీ4 ఫైలు దాదాపు అన్నిచోట్ల ఆడును. అసలు ఫైళ్ళ ప్రతులు రెండు, రెండు వేర్వేరు ఇండ్లలో నుంచుట క్షేమము. సాఫ్ట్‌వేరు కూర్పులు ఇంకను వచ్చుచుండును. ఆ నాటి పెండ్లిపందిరి మరల రాదు. చేతనున్న సొమ్ము పరిమితమైనచో మొదట హార్డుడిస్కునకు వెచ్చించుట యుక్తము.