మోటార్‌హోమ్‌కు ఏ షాకులు వేయించాలి?

అమెరికా హైవేల మీద తిరిగే పెద్ద మోటార్‌హోమ్‌లో వంటగది, మంచం, స్నానాల గది అన్నీ ఉంటాయి. తెలుగు సినిమా షూటింగుల దగ్గర కారవాన్‌లు చూసినవారికి దాని ఆకారం కొత్త కాదు. వంతెన అతుకు మీదకు ఎక్కగానే అరల్లో గిన్నెలు గలగలలాడినా, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు బండి తూలినా యజమాని అనుమానం ముందుగా షాక్ అబ్జార్బర్ల మీదకే పోతుంది. వెంటనే అన్నింటికంటే ఖరీదైనవి, గట్టివి కొనేయాలనిపిస్తుంది. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

బండి బరువును మోసేది షాకులు కావు, కమాన్ పట్టీలు లేదా గాలి బెలూన్లు. గుంతలో పడి లేచిన బండి పదేపదే ఊగకుండా ఆపడమే షాక్ పని. లోపలి పిస్టన్ సన్నటి దారుల గుండా నూనెను నెడుతుంది. ఆ ఒరిపిడిలో ఊపు వేడిగా మారి బయటకు పోతుంది. కాబట్టి వెనుక భాగం కుంగిపోయిన బండికి ఎంత మంచి షాకులు వేసినా అది పైకి లేవదు.

సరుకు దించాక లారీ ఖాళీగా తిరిగొస్తుంది. మోటార్‌హోమ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫ్రిజ్, జనరేటర్, సామాన్లు ఎప్పుడూ దాని మీదే ఉంటాయి. 300 లీటర్ల నీళ్లు నింపితే మరో 300 కిలోలు చేరినట్టే. పెట్రోలుతో నడిచే పెద్ద మోటార్‌హోమ్‌లలో చాలావాటికి ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్సే ఆధారం. దాని మీద రకరకాల కంపెనీలు వేర్వేరు పొడవుల్లో ఇళ్లు కడతాయి. ఛాసిస్ ఒకటే అయినా ఇరుసుల మీద పడే బరువు మారిపోతుంది. అందుకే షాకులు కొనేముందు నీళ్లు, సామాను, మనుషులతో సహా బండిని కాటా మీదకు ఎక్కించి ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులు విడివిడిగా చూడాలి. అక్కడి ట్రక్ స్టాపుల్లో ఈ సదుపాయం ఉంటుంది.

ఆ బరువుకు తగ్గట్టు టైర్ల కంపెనీ పట్టికలో చెప్పినంత గాలే పెట్టాలి. గాలి ఎక్కువైతే కుదుపు పెరుగుతుంది, ఆ నింద షాకుల మీద పడుతుంది. మలుపుల్లో అతిగా ఒరిగితే స్టెబిలైజర్ బార్ బుష్‌లు అరిగాయేమో చూడాలి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ ఓ పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ చూపించాలి. ఇవన్నీ బాగున్నా ఒక్క గుంతకే బండి చాలాసేపు ఊగుతున్నా, షాక్ నుంచి నూనె కారుతున్నా ఇక మార్చాల్సిందే.

షాకుల్లో ప్రధానంగా రెండు రకాలు. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ చవక, మెత్తన. కానీ ఎగుడుదిగుడు దారిలో ఎక్కువసేపు పోతే నూనె వేడెక్కి, నురగ పట్టి పట్టు తగ్గవచ్చు. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్‌లో నైట్రోజన్ వాయువు నూనెను ఒత్తిడిలో ఉంచుతుంది, వేడి కూడా నేరుగా బయటి గోడ నుంచి పోతుంది. ఫ్రెంచి ఇంజినీర్ ద కార్బన్ రూపొందించిన ఈ పద్ధతిని జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ 1950లలో కార్లలోకి తెచ్చింది. ఒక ఇబ్బంది ఉంది: రాయి తగిలి ఆ గోడ సొట్టపడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. నెదర్లాండ్స్ కంపెనీ కోనీ తయారుచేసే ఎఫ్ఎస్‌డీ రకం మరోలా పనిచేస్తుంది. గతుకుల వల్ల పుట్టే వేగమైన అదురుకు అది మెత్తబడుతుంది, బండి నెమ్మదిగా ఊగుతున్నప్పుడు బిగుసుకుంటుంది. గిన్నెల చప్పుడే అసలు బాధైతే ఇలాంటివాటిని పరిశీలించవచ్చు.

ఆర్డరు చేసేటప్పుడు మోటార్‌హోమ్ బ్రాండు పేరు ఒక్కటే చెబితే చాలదు, ఛాసిస్ కంపెనీ, మోడల్, తయారైన సంవత్సరం కూడా చెప్పాలి. గాలి బెలూన్ల బండికి షాక్ పొడవు మరీ ముఖ్యం. చాలావాటిలో బెలూన్ హద్దు దాటి సాగకుండా ఆపేది షాకే.

ఒక ఇరుసుకు రెండు వైపులా షాకులను ఒకేసారి మార్చాలి. మోనోట్యూబ్ షాక్ వాయువు ఒత్తిడికి తనంతట తానే సాగుతుంది కనుక దాన్ని కుదించి కట్టిన పట్టీని, షాకును బిగించకముందే తెంచకూడదు. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి, లేకపోతే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఛాసిస్‌కు గట్టి స్టాండ్లు పెట్టకుండా గాలి బెలూన్ల బండి కిందకు ఎవరూ దూరకూడదు. బెలూన్లో గాలి పోతే టన్నుల బరువు ఒక్కసారిగా మీదకు దిగుతుంది. స్టాండ్లు, లిఫ్టు లేనివాళ్లు ఈ పనిని పెద్ద బండ్ల వర్క్‌షాపుకే అప్పగించాలి.