మీకు తెలుసా? కార్టిసాల్ గ్రాహకం కేంద్రకంలోకి ఒంటరిగా వెళ్లదు

డెక్సామెథాసోన్ పేరు కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ తెలిసింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను ఈ చవక మందు సుమారు మూడో వంతు తగ్గించిందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని ‘రికవరీ’ పరిశోధకులు ప్రకటించారు. మన అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ చేసే పనినే ఇది ఇంకా గట్టిగా చేస్తుంది. రెండూ కొవ్వులో కరిగేవే కనుక కణం పై పొరను సులువుగా దాటేస్తాయి. అయితే జన్యువులను కదిలించాలంటే వాటిని పట్టుకునే గ్రాహక ప్రొటీన్ కావాలి. అదేమో ఎక్కువగా కేంద్రకం బయట, కణద్రవ్యంలో ఉంటుంది. 777 అమైనో ఆమ్లాలున్న అంత పెద్ద ప్రొటీన్ లోపలికి ఎలా చేరుతుంది?

హార్మోన్ రాకముందు కూడా దాని చుట్టూ తోడు ఉంటుంది. హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రొటీన్ జంటగా దాన్ని పట్టుకుని, హార్మోన్ ఇమిడే గుంట మూసుకుపోకుండా చూస్తుంది. ఆ పట్టు లేకపోతే గ్రాహకం కార్టిసాల్‌ను అందుకోలేదు. అదే బృందంలో ఎఫ్‌కేబీపీ51 అనే మరో ప్రొటీన్ ఉంటుంది. కార్టిసాల్ వచ్చి గుంటలో కుదురుకోగానే 51 తప్పుకుంటుంది, దాని దగ్గరి బంధువు ఎఫ్‌కేబీపీ52 ఆ చోటికి వస్తుంది. పల్లకీ కింద పెట్టకుండానే ఒక బోయీ తప్పుకుని మరొకరు భుజం ఇచ్చినట్టు జరుగుతుందిది. ఈ మార్పుతోనే ప్రయాణం వేగం అందుకుంటుంది. ఎందుకంటే 52కి డైనీన్ అనే మోటారు ప్రొటీన్‌తో పొత్తు కుదురుతుంది, 51కి అంతగా కుదరదు. డైనీన్ సూక్ష్మనాళికల మీదుగా సరుకును కేంద్రకం వైపు లాక్కుపోతుంది.

జెల్లీఫిష్ నుంచి తీసుకున్న ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ను గ్రాహకానికి తగిలించి, బతికున్న కణాల్లోనే ఈ కదలికను చూపిన ప్రయోగాలు 1996లో వెలువడ్డాయి. కణద్రవ్యమంతా పరుచుకున్న పచ్చదనం హార్మోన్ తగలగానే కేంద్రకంలోకి చేరి కుదురుకుంటుంది. అందులో సగం చేరడానికి నాలుగైదు నిమిషాలు చాలు. హెచ్‌ఎస్‌పీ90ని జెల్డానమైసిన్ అనే రసాయనంతో అడ్డుకుంటే అదే పనికి ముప్పావు గంట, గంట పడుతుంది. ఆలస్యమవుతుందే గానీ ఆగిపోదు, అంటే నెమ్మదైన మరో మార్గం కూడా ఉందన్నమాట.

ఇక కేంద్రకం గోడ. అందులో వేల రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటీ సుమారు 30 రకాల ప్రొటీన్లు కలిసి కట్టిన నిర్మాణం. దాదాపు 40 కిలోడాల్టన్ల లోపు అణువులు వాటంతట అవే దూరిపోతాయి. మన గ్రాహకం బరువు 94 దాకా ఉంటుంది కాబట్టి ప్రవేశానికి దాని ఒంటి మీద ప్రత్యేకమైన గుర్తు ఉండాలి. పికార్డ్, యమమోటో అనే శాస్త్రవేత్తలు 1987లో అలాంటివి రెండు ఉన్నాయని చూపారు. రెండోది హార్మోన్ పట్టుకునే భాగంలోనే ఉంది, హార్మోన్ ఉంటేనే పనిచేస్తుంది. ఇంపోర్టిన్లు అనే ప్రొటీన్లు ఈ గుర్తులను పోల్చుకుని గ్రాహకాన్ని రంధ్రం దాటిస్తాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఈ సంగతి. హార్మోన్ అందగానే గ్రాహకం హెచ్‌ఎస్‌పీ90ని అక్కడే వదిలేసి ఒక్కటే లోపలికి పోతుందని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు, పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే రాశారు. అర్జెంటీనాకు చెందిన గాలిగ్నియానా బృందం 2009లో ప్రచురించిన ఫలితాలు వేరే చెప్పాయి. ఆ తోడంతా రంధ్రంలోంచి కలిసే వెళుతుంది, విడిపోవడం లోపలికి చేరాకే. కాపలా కోసమే ఉందనుకున్న హెచ్‌ఎస్‌పీ90 చివరిదాకా వెంట నడుస్తోంది!

అన్ని గ్రాహకాలకూ ఈ ప్రయాణం లేదు. ఈస్ట్రోజెన్ గ్రాహకం హార్మోన్ లేకున్నా ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుందని 1984లో తేలింది. థైరాయిడ్ హార్మోన్ గ్రాహకమైతే ముందుగానే డీఎన్‌ఏ మీద కూర్చుని ఉంటుంది.

51, 52ల తేడా ఎంత పెద్దదో దక్షిణ అమెరికా అడవుల్లోని స్క్విరల్ కోతులను చూస్తే తెలుస్తుంది. వాటి రక్తంలో కార్టిసాల్ మన కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషికి అంత ఉంటే ముఖం ఉబ్బి, కండరాలు కరిగి, కుషింగ్ జబ్బు పట్టుకునేది. ఆ కోతులు మాత్రం హాయిగా ఉంటాయి. వాటి కణాల్లో ఎఫ్‌కేబీపీ51 చాలా ఎక్కువగా తయారై, గ్రాహకం కార్టిసాల్‌ను గట్టిగా పట్టుకోకుండా చేస్తుంది. మన ఒంట్లోనూ ఆ పగ్గం ఉంది. కేంద్రకంలోకి చేరిన కార్టిసాల్ గ్రాహకం మేల్కొలిపే జన్యువుల్లో ఎఫ్‌కేబీపీ51ది కూడా ఒకటి. అలా కణద్రవ్యంలో తయారైన 51, తర్వాత బయల్దేరబోయే గ్రాహకాలను నిలువరిస్తుంది.