బురదలో రెండు చక్రాలూ కలిసి లాగాలంటే

వానాకాలం వచ్చిందంటే అల్లపల్లి నుంచి సిరొంచ దాకా, ఇటు భామరాగడ్ దాకా జీపు నడిపేవాళ్ళకు రెండు భయాలు పట్టుకుంటాయి. ఒకటి వాగు పొంగడం, రెండోది బండి దిగబడడం. వాగు పొంగితే ఎంతటివాడైనా గట్టున ఆగాల్సిందే. బండి దిగబడితే మాత్రం డ్రైవరు ఊరుకోలేడు. లోపల జ్వరంతో ఉన్న పిల్లవాడు ఉండవచ్చు, నెలలు నిండిన మనిషి ఉండవచ్చు. ఆక్సిలరేటర్ తొక్కుతాడు. వెనక చక్రాల్లో ఒకటి గిర్రున తిరిగి బురద చిమ్ముతుంది. రెండోది గట్టి నేల మీదే ఉన్నా కదలదు. ఇంజన్‌లో సత్తువ ఉంది, ఒక చక్రం కింద పట్టు ఉంది, అయినా బండి అంగుళం జరగదు. ఇలా ఎందుకవుతుందో, దీనికి విరుగుడుగా వచ్చిన ఆటోమేటిక్ లాకర్ ఎలా పనిచేస్తుందో, దాన్ని బిగించుకునే ముందు ఏమేమి చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందు డిఫరెన్షియల్ సంగతి. వెనక ఇరుసు మధ్యలో గుండ్రని బుర్రలాగా కనిపించేది దాని హౌసింగే. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, నిలువుగా ఒక మూల తిరిగేసరికి బయటి చక్రం లోపలి దానికన్నా సుమారు 2.2 మీటర్లు ఎక్కువ దొర్లుతుంది. రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి. ఆ బాధ లేకుండా రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసేదే డిఫరెన్షియల్. తారు రోడ్డు మీద ఇది చేసే మేలు ఇంతా అంతా కాదు.

అయితే దీనికి ఒక గుణం ఉంది. ఇది రెండు చక్రాలకూ లాగే బలాన్ని ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. కావడి సంగతి మీకు తెలుసు. ఒక పక్క బుట్టలో నాలుగు శేర్లే ఉంటే రెండో పక్క కూడా నాలుగు శేర్లే పెట్టాలి, లేకపోతే కావడి నిలవదు. డిఫరెన్షియల్ కూడా అంతే. బురదలో ఉన్న చక్రం 20 కిలోల బలం మాత్రమే ఆనించగలదు, గట్టి నేల మీది చక్రం 300 కిలోలు ఆనించగలదు అనుకుందాం. బురద చక్రం 20 దాటి నిలవలేదు కనుక గట్టి చక్రానికి అందేదీ 20 కిలోలే. మొత్తం 40. దిగబడిన జీపుకు ఇది ఏ మూలకూ చాలదు. అదే రెండు ఇరుసులనూ కలిపి బిగించేస్తే 20, 300 కలిసి 320 కిలోల బలం వస్తుంది. జీపు బయట పడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమా పడడానికి లేదు. ముందు ఇరుసులోనూ ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం బురదలో తిరుగుతుంటే నాలుగు చక్రాల బండి కూడా అక్కడే నిలబడిపోతుంది.

ట్రాక్టరు నడిపేవాళ్ళకు దీని మందు ఎప్పటి నుంచో తెలుసు. పొలంలో ఒక చక్రం జారినప్పుడు మడమ దగ్గర ఉన్న డిఫ్ లాక్ పెడలు తొక్కుతారు. రెండు చక్రాలూ ఒకటై ముందుకు లాగుతాయి. గట్టు ఎక్కాక, మలుపు తిప్పే ముందు కాలు తీసేస్తారు. ఇది మనిషి వేసే లాకు. జీపులకు కూడా ఇలా మీట నొక్కి వేసే లాకులున్నాయి. కొన్నిటిని గాలి ఒత్తిడితో, కొన్నిటిని కరెంటుతో పనిచేసేలా చేస్తారు. మనిషి ప్రమేయం లేకుండా తనంతట తానే పట్టి, తనంతట తానే వదిలేది ఆటోమేటిక్ లాకర్.

ఇందులో మూడు తరహాలు చెప్పుకోవచ్చు. మొదటిది కంపెనీ నుంచే బండితో వచ్చేది. మహీంద్రా కంపెనీ 2015లో తెచ్చిన థార్ జీపులోనూ, 2021లో వచ్చిన బొలెరో నియోలో ఒక రకంలోనూ వెనక ఇరుసుకు ఇటువంటిది అమర్చారు. ఇది మామూలుగా సాధారణ డిఫరెన్షియల్‌లాగే ఉంటుంది. ఒక చక్రం రెండో దానికన్నా నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువగా తిరిగితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని లాకు పడేలా చేస్తాయి. వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటితే లాకు పడదు. రెండో తరహాలో, డిఫరెన్షియల్ లోపల ఉన్న డబ్బాను, అంటే మెకానిక్కులు కేస్ అనేదాన్ని, మొత్తంగా మార్చి లాకర్‌తో కూడిన కొత్త కేస్ వేస్తారు. ఖర్చు ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువే. మూడో తరహాలో పాత కేస్‌ను ఉంచి, లోపలి చిన్న గేర్లను మాత్రం తీసి వాటి స్థానంలో పళ్ళ చక్రాల జతను కూర్చుతారు. ఖర్చు తక్కువ, కానీ పాత కేస్‌కు ఎంత బలం ఉంటే అంతే.

రెండో, మూడో తరహాల లాకర్ పనితీరు తెలియాలంటే సైకిల్ ఫ్రీవీల్ గుర్తు చేసుకోండి. పెడలు తొక్కితే చక్రాన్ని పట్టుకుంటుంది. చక్రమే ముందుకు పరుగెడితే టకటకమంటూ వదిలేస్తుంది. లాకర్‌లోనూ ఇంజన్ తోస్తున్నంతసేపూ పళ్ళు కలిసి రెండు ఇరుసులూ ఒకటిగా ఉంటాయి. మలుపులో బయటి చక్రం వేగంగా దొర్లాల్సి వస్తే ఆ పక్క పళ్ళు జారి దాన్ని వదిలేస్తాయి. అప్పుడు లోపలి చక్రమే బండిని లాగుతుంది. ఫ్రీవీల్ ఒక్క దిక్కునే పట్టుకుంటే, ఇది ముందుకూ వెనక్కూ కూడా పట్టుకుంటుంది. అంతే తేడా.

ఇక బిగించే పని. కొనేముందే మీ బండి ఇరుసు ఏ రకమో, దాని కొసన ఎన్ని గాళ్ళున్నాయో, క్రౌన్, పినియన్ పళ్ళ లెక్క ఎంతో, కేస్ లోపల చిన్న గేర్లు రెండా నాలుగా అన్నది చూడాలి. రెండు గేర్ల కేస్‌కు చేసిన కిట్ నాలుగు గేర్ల కేస్‌కు సరిపోదు. బండికి వారంటీ ఉంటే అది పోతుందేమో, ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో ముందే అడగండి.

పని మొదలుపెట్టేటప్పుడు బండిని చదును నేల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని రెండు గట్టి స్టాండ్ల మీద ఎత్తాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు. గేర్ ఆయిల్ దింపాలి. దింపిన నూనెలో ఇనుప ముక్కలు కనిపిస్తే లాకర్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ రోగం చూడాలి. తర్వాత ఇరుసులు లాగి, కేస్ బయటికి తీయాలి. బేరింగుల టోపీలు కుడిది కుడికే, ఎడమది ఎడమకే రావాలి. అందుకని తీయకముందే గుర్తులు పెట్టండి. వాటి పక్కన ఉండే పలచని రేకులు, అంటే షిమ్ములు, ఏ పక్కవి ఆ పక్కనే విడిగా పెట్టాలి. అవి తారుమారైతే క్రౌన్, పినియన్ మధ్య సందు మారిపోతుంది. ఆ తర్వాత గేర్ల ఊళ వినలేక చావాలి, కొన్నాళ్ళకు పళ్ళూ పోతాయి.

లోపలి గేర్లు తీశాక లాకర్ ముక్కలను నూనె రాసి కూర్చాలి. వాటి మధ్య ఎంత సందు ఉండాలో కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని కంటితో అంచనా వేయకుండా ఫీలర్ గేజ్‌తో కొలవాలి. సందు ఎక్కువైతే పళ్ళు పూర్తిగా పట్టవు, తక్కువైతే పూర్తిగా వదలవు. రెండూ ప్రమాదమే. స్ప్రింగులన్నీ వాటి గుంటల్లో ఉన్నాయా అని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాలి. బోల్టులు టార్క్ రెంచితో బిగించి, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ నింపాలి.

ఇప్పుడు పరీక్ష. బండి స్టాండ్ల మీదే ఉండాలి, ఇంజన్ ఆపి గేరులో పెట్టాలి. ఒక వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి, ఆగిన చోట ఒకరు పట్టుకోవాలి. రెండో చక్రాన్ని వెనక్కి తిప్పితే టకటకమంటూ తిరగాలి, ముందుకు తిప్పితే ఆగిపోవాలి. తర్వాత దిక్కులు మార్చి, చక్రాలు మార్చి మళ్ళీ చూడాలి. నాలుగుసార్లూ సరిపోతేనే బండి కిందికి దించండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మామూలు బండికి ఒక వెనక చక్రాన్ని జాకీ మీద ఎత్తి ఇంజన్‌తో తిప్పి చూడడం కొందరికి అలవాటు. లాకర్ ఉన్న బండికి అలా చేస్తే నేల మీద ఉన్న చక్రం కూడా లాగుతుంది. బండి జాకీ మీద నుంచి దూకి ముందున్న మనిషి మీదికి పోతుంది. ఆ బండిని ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా ఈ ముక్క ముందుగా చెప్పండి. స్టీరింగ్ పక్కన రాసి అంటించండి.

నడపడంలోనూ మార్పులున్నాయి. మలుపులో టకటక చప్పుడు, చిన్న కుదుపు వస్తాయి, దానికి భయపడనక్కర్లేదు. కానీ తడిసిన తారు రోడ్డు మీద మలుపు మధ్యలో ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారి బండి తోక తిప్పుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, కాలు తేలిక చేయండి. రెండు వెనక టైర్లూ ఒకే సైజువి, ఒకే అరుగుదలవి, ఒకే గాలి ఉన్నవి కావాలి. లేకపోతే తిన్నని రోడ్డు మీద కూడా లాకర్ పట్టుతూ వదులుతూ అరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పక్క వాలు. వాగు గట్టు మీద బండి ఒక పక్కకు ఒరిగి పోతోందనుకోండి. సాధారణ డిఫరెన్షియల్ ఉంటే ఒక చక్రం తిరుగుతున్నా రెండోది నేలను పట్టుకుని బండిని పక్కకు జారనివ్వదు. లాకర్ ఉంటే రెండూ కలిసి తిరుగుతాయి, రెండూ పట్టు వదులుతాయి, బండి వెనక భాగం వాలు వైపు జారుతుంది. మామూలు జీపు ఆగిపోయే చోట లాకర్ జీపు బోల్తా పడవచ్చు. పక్క వాలు మీద మెల్లగా పొండి, జారుతున్నట్టు తోచగానే ఆక్సిలరేటర్ వదిలేయండి. అట్లాగే దిగబడిన బండిని జనం తోసేటప్పుడు ముందు ఎవరూ నిలబడకూడదు. లాకర్ పట్టిందంటే బండి ఒక్క ఉదుటున బయటికి వస్తుంది.

ఇంకో సంగతి. మొత్తం బలం ఒక్క ఇరుసు మీదనే పడే సందర్భాలుంటాయి. రాయికీ రాయికీ మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు బలవంతంగా తొక్కితే ఇరుసు తెగుతుంది. వెనక్కి వచ్చి దారి మార్చుకోండి. వాగు దాటిన రోజున డిఫరెన్షియల్ నూనె కాస్త తీసి చూడండి. పాలలాగా తెల్లబడితే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చాలి.

మరి ఎవరికి కావాలి ఇది? రోజూ అడవి దారుల్లో, మట్టి బాటల్లో తిరిగే బండికి, అదీ వెనక ఇరుసుకు మాత్రం, ఉపయోగమే. ముందు ఇరుసుకు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎక్కువగా తారు మీద తిరిగి, ఏడాదికి నాలుగుసార్లు బురద తొక్కే బండికి ఇంత ఖర్చు అక్కర్లేదు. పట్టు ఉన్న మంచి టైర్లు, ఒక పార, రెండు గట్టి పలకలు, ఒక మంచి తాడు చాలు. దిగబడినప్పుడు టైర్లలో కొంత గాలి తీసి, గట్టి నేల చేరాక మళ్ళీ కొట్టించుకుంటే సగం సార్లు బండి దానంతట అదే వస్తుంది.

చివరగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. లాకర్ కొత్తగా పట్టు పుట్టించదు. ఒక చక్రం కింద ఉండి కూడా వృథా అవుతున్న పట్టును బండికి అందిస్తుంది, అంతే. రెండు చక్రాల కిందా నేల లేనప్పుడు ఏ యంత్రమూ ఏమీ చేయలేదు. పొంగిన వాగు ముందు లాకర్ ఉన్న బండి అయినా, లేని బండి అయినా ఆగాల్సిందే. ఆ సంగతి తెలిసిన డ్రైవరు చేతిలోనే ఈ పరికరం నాలుగు ప్రాణాలను సమయానికి ఆసుపత్రికి చేరుస్తుంది.