డిటెక్టివుకు డాక్టరు ఎందుకు? – ‘మాంక్’ కథల్లో హాస్యం, పరాధీనత

అపరాధ పరిశోధన సాహిత్యం పట్ల మన విమర్శలో తరచు రెండు వైఖరులు కనిపిస్తాయి. కాలక్షేపం సరుకని తోసిపుచ్చటం ఒకటి. జనం చదువుతున్నారు కనుక ఇక మాట్లాడవలసింది ఏమీ లేదని ఊరుకోవటం రెండోది. రెండూ సరైనవి కావు. జనం విరివిగా చదివేదీ చూసేదీ ఏ నమ్మకాలను బలపరుస్తోందో, ఏ నమ్మకాలను తనకు తెలియకుండానే దెబ్బ తీస్తోందో విడమరిచి చెప్పటం విమర్శకుని బాధ్యత. ఆ దృష్టితో ఇక్కడ ఒక అమెరికన్ హాస్య డిటెక్టివు పాత్రను పరిశీలిద్దాం. హంతకులను ఇట్టే పట్టేస్తాడు గాని, తన మనోవైద్యుడు లేకుండా వారం రోజులు గడపలేడు. అతని పేరు ఏడ్రియన్ మాంక్.

ముందుగా ఈ ప్రక్రియ మనకు అలవాటు చేసిన నమ్మకం ఏమిటో చూడాలి. 1841లో ఎడ్గార్ ఎలన్ పో సృష్టించిన డ్యూపాన్ మొదలుకొని, 1887లో కానన్ డాయల్ రంగంలోకి దించిన షెర్లాక్ హోమ్స్ దాకా డిటెక్టివు ఒంటరి మేధావి. పోలీసు యంత్రాంగమంతా చెయ్యలేనిది అతని బుర్ర ఒక్కటే చేస్తుంది. పక్కన ఒక సహచరుడు ఉన్నా అతని పని ఆశ్చర్యపోవటమే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నూ, అసిస్టెంటు రాజునూ చదివి పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు కొత్త కాదు. మేధస్సు వ్యక్తి సొత్తు, అతను ఎవరికీ రుణపడి లేడు అన్నదే ఈ ఏర్పాటు చెప్పకనే చెప్పే మాట.

హోమ్స్‌కు కూడా ఒక బలహీనత ఉంది, కొకెయిన్. కాని డాయల్ దాన్ని మేధావి విసుగుకు గుర్తుగానే వాడుకున్నాడు. ఆ బలహీనతను జబ్బుగా గుర్తించి, హోమ్స్‌ను వైద్యుని ముందు కూర్చోబెట్టింది నికొలస్ మేయర్. 1974లో అతను రాసిన ‘ది సెవెన్ పర్సెంట్ సొల్యూషన్’ నవలలో వాట్సన్ హోమ్స్‌ను ఉపాయంగా వియన్నా తీసుకుపోయి సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు అప్పగిస్తాడు. ఆ కలయిక కాకతాళీయం కాదు. ఇటాలియన్ చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 1979 నాటి ఒక వ్యాసంలో హోమ్స్ పద్ధతికీ ఫ్రాయిడ్ పద్ధతికీ ఉన్న పోలికను వివరించాడు. ఇద్దరూ ఇతరులు పట్టించుకోని చిన్న చిన్న ఆనవాళ్ళనుంచి దాగివున్న పెద్ద విషయాన్ని బయటికి లాగుతారు. అంటే డిటెక్టివు వైద్యుని ముందు కూర్చున్నాడంటే, ఒక పరిశోధకుడు మరో పరిశోధకుని ముందు దొరికిపోయాడన్న మాట. ఇందులోనే హాస్యానికి బీజం ఉంది.

ఆ బీజాన్ని పూర్తిగా పెంచింది ‘మాంక్’ టెలివిజన్ ధారావాహిక. ఏండీ బ్రెక్‌మన్ సృష్టించిన ఈ ధారావాహిక 2002 నుంచి 2009 దాకా 8 విడతలుగా ప్రసారమైంది. మాంక్ శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో డిటెక్టివుగా పనిచేసినవాడు. 1997లో అతని భార్య ట్రూడీ కారులో పెట్టిన బాంబు పేలి చనిపోయింది. అంతకుముందే ఉన్న చాదస్తాలూ భయాలూ దానితో విజృంభించి, అతను ఇల్లు కదలలేని స్థితికి వచ్చాడు, ఉద్యోగం పోయింది. వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే జబ్బు అది. ముట్టుకున్నదల్లా తుడవాలి, వంకరగా ఉన్నదల్లా సరిచెయ్యాలి. తర్వాత అతను పోలీసులకు సలహాదారుగా పనిచేస్తూ హత్యకేసులు ఛేదిస్తాడు. వంకరను చూసి సహించలేని ఆ జబ్బే నేరస్థలంలో తప్పిపోయిన వస్తువును పట్టిస్తుంది. డాక్టర్ చార్ల్స్ క్రోగర్ అతన్ని ఏళ్ళ తరబడి వింటాడు.

ఈ పరాధీనతను రచయితలు ఎలా నవ్వుగా మలిచారు? హెరాల్డ్ క్రెన్‌షా అని మరో రోగి ఉన్నాడు. అతనిదీ ఇంచుమించు అదే జబ్బు. ఇద్దరూ డాక్టరు అభిమానం కోసం సవతుల్లా పోట్లాడుకుంటారు. ధారావాహిక ఆధారంగా 2006 నుంచి లీ గోల్డ్‌బర్గ్ నవలలు రాశాడు. 2008లో వచ్చిన ‘మిస్టర్ మాంక్ గోస్ టు జర్మనీ’లో డాక్టర్ క్రోగర్ ఒక సదస్సుకు జర్మనీ వెళతాడు. డాక్టరు లేని రోజులు భరించలేక, విమానం అంటేనే వణికే మాంక్ అతని వెనకే లోర్ అనే ఊరు చేరతాడు. అక్కడ ఒక చేతికి ఆరు వేళ్ళున్న మనిషి కంటబడతాడు. ట్రూడీ హత్యతో సంబంధమున్నది ఆరు వేళ్ళ మనిషికేనని పాఠకునికి ముందే తెలుసు. కథంతా ఒక్కసారి బిగుసుకుంటుంది. రోగి భయం వల్ల చేసిన ప్రయాణమే పరిశోధకుణ్ణి ఆనవాలు దగ్గరికి చేర్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ హాస్యం ఆధారపడే మనిషిని ఎగతాళి చెయ్యటం మాత్రమే కాదు. ఎవరిమీదా ఆధారపడని మేధావి అన్న పాత కల్పనను అది వెక్కిరిస్తోంది. హంతకుని మనసు చదవగల తర్కానికి తన మనసును నిలబెట్టుకునే శక్తి లేదు. దానికి ఇంకొకరు కావాలి. తెలివి నలుగురి మధ్య నిలబడే విషయమని ఈ తేలికపాటి కథలు ఒప్పుకుంటున్నాయి. ఇది వాటిలోని ప్రగతిశీలమైన అంశం.

కాని అంతటితో ఆగితే విశ్లేషణ సగమే అవుతుంది. నిజమైన వైద్యానికి గమ్యం వైద్యుని అవసరం తగ్గించటం. ఈ జబ్బుకు ఇవాళ ముఖ్యంగా చేసే చికిత్స రోగిని భయపెట్టే వస్తువుకు క్రమంగా దగ్గర చేసి, తుడవాలన్న, కడగాలన్న తహతహను ఆపుకోవటం నేర్పటం. 1966లో లండన్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విక్టర్ మేయర్ ప్రకటించిన ఫలితాలతో ఈ పద్ధతికి పునాది పడింది. కాని ధారావాహిక గమ్యం వేరు. మాంక్ బాగుపడితే కథ ఆగిపోతుంది. 2004 నాటి ఒక భాగంలో అతను మందు వేసుకుంటాడు. భయాలన్నీ పోయి హుషారుగా తిరుగుతాడు గాని, ఆనవాళ్ళు పట్టే చూపు కూడా పోతుంది. చివరికి మందు మానేస్తాడు. జబ్బే ప్రతిభ, నయమైతే నష్టం అన్న తప్పుడు అభిప్రాయం ఈ కథనంలోంచి ప్రేక్షకునికి అందుతుంది. రోగి రోగిగానే ఉండటం సరుకు అమ్ముడుపోవటానికి అవసరమైంది. పరాధీనతకు ఇది ఆర్థిక మూలం.

ఆ మూలాన్ని ధారావాహికే ఒకసారి బయటపెట్టింది. 2009లో వచ్చిన ఒక భాగంలో, మాంక్ డాక్టరుతో ఒంటరిగా కూర్చునే గంటలకు బీమా కంపెనీ ఇక డబ్బు చెల్లించనంటుంది. గత్యంతరం లేక అతను రోగులు కలిసి కూర్చునే బృంద చికిత్సలో చేరవలసి వస్తుంది. అక్కడ హెరాల్డ్ ఎదురవుతాడు. రోగులు ఒక్కొక్కరే హత్యకు గురవుతారు. మాంక్, హెరాల్డ్ ఇద్దరూ కలిసి ఒక కారు డిక్కీలో బందీలవుతారు. ఇరుకంటే చచ్చేంత భయమున్న ఆ ఇద్దరూ ఒకరి ధైర్యంతో ఒకరు దాన్ని గెలుస్తారు. డాక్టరు గది ఏళ్ళ తరబడి చెయ్యలేనిది సాటి రోగి సాహచర్యం చేసింది. రచయితలు నవ్వుల మధ్య ఎంత దూరం వెళ్ళారో బహుశా వారికే తెలియదు.

మాంక్ ఆధారపడేది డాక్టరు మీద ఒక్కడి మీదే కాదు. డాక్టరు దగ్గర గడిపేది వారంలో కొన్ని గంటలు. మిగిలిన రోజంతా అతనికి తడి తువాళ్ళు అందించేది, ఎదుటివాళ్ళకు సర్దిచెప్పేది ఒక స్త్రీ. మొదట నర్సు షరోనా, తర్వాత నాటలీ టీగర్. నాటలీ భర్తను పోగొట్టుకుని కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న మనిషి. ఆమెకు ఇచ్చే జీతం అంతంతమాత్రం. గోల్డ్‌బర్గ్ నవలలను ఆమె నోటనే చెప్పించాడు. ఇది చిన్న మార్పు కాదు. హోమ్స్ కథ చెప్పిన వాట్సన్ స్నేహితుడు; మాంక్ కథ చెప్పే నాటలీ జీతానికి పనిచేసే మనిషి. యజమాని ప్రతిభను ఆమె మెచ్చుకుంటూనే, ఆ ప్రతిభ ఎవరి ఓపిక మీద నిలబడిందో లెక్క చెబుతుంది. డాక్టరు గంటకు రేటు ఉంది, ఆమె ఓపికకు లేదు. హాస్యంలో ఉన్న చేదు ఇక్కడిది.

2008 ఏప్రిల్‌లో క్రోగర్ పాత్రధారి స్టాన్లీ కామెల్ హఠాత్తుగా చనిపోయాడు. మరొకర్ని అదే పాత్రలో నిలబెట్టకుండా, కథలోనూ డాక్టరు చనిపోయినట్టే చూపించారు. మాంక్ కొత్త డాక్టరు బెల్ దగ్గరికి వెళ్ళాడు. మనం ఆసరాగా పట్టుకున్న మనిషి కూడా మనిషే, అతనూ పోతాడు అన్న సత్యాన్ని హాస్య ధారావాహిక తప్పించుకోలేదు. 2023లో వచ్చిన సినిమాలో, కోవిడ్ మహమ్మారి తర్వాత ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్ళిన మాంక్‌ను చూస్తాం. ట్రూడీ హంతకుడు 2009లోనే దొరికిపోయాడు. కేసు తేలినా దుఃఖం తేలలేదు. నేరస్థుడు పట్టుబడగానే లోకం సర్దుకుంటుందన్న డిటెక్టివు ప్రక్రియ వాగ్దానం ఇక్కడ పగిలింది.

మన రచయితలకు ఇందులో పనికొచ్చేది ఏమిటి? మన హాస్యంలో మనోవ్యాధి ఇంకా పిచ్చి చేష్టగానే మిగిలింది. ‘ఎర్రగడ్డ’ అన్న ఊరి పేరు చెబితేనే సినిమా హాల్లో నవ్వులు లేస్తాయి. ఆ నవ్వు రోగి మీద. మాంక్ కథల మంచి ఘట్టాలలో నవ్వు రోగి మీద నుంచి జరిగి, గడియారం చూసే గది మీదికీ, బిల్లు చూసే కంపెనీ మీదికీ, ఎవరూ అక్కర్లేదనుకునే మేధావి గర్వం మీదికీ పోతుంది. ఆ జరిగిన దూరాన్ని కొలవటం నేర్చుకోవాలి. ఒక పాత్ర ఎవరిమీద ఆధారపడిందని మాత్రమే అడిగితే మనస్తత్వ చిత్రణ వస్తుంది. ఆ ఆధారానికి ఎవరు వెల కడుతున్నారు, ఎవరు వెల లేకుండా మోస్తున్నారు అని కూడా అడిగినప్పుడే అది సమాజ చిత్రణ అవుతుంది.