సామాన్యుడి సాహసమే కథావస్తువు

ప్రమాదాన్నీ కష్టాన్నీ ఎదుర్కొన్న మామూలు మనుషులను కథానాయకులుగా నిలిపిన తెలుగు ఉత్కంఠ కథనంపై, కొల్లేటి సీమ నుంచి ఒక పరిశీలన

భరతుడి నాట్యశాస్త్రం వీరరసాన్ని ఉత్తమ స్వభావం గలవారికి చెందినదిగా నిర్ణయించి, దానికి ఉత్సాహాన్ని స్థాయీభావంగా, అంటే రసానికి ఆధారమై చివరిదాకా నిలిచే మనోవృత్తిగా పేర్కొన్నది. భయాన్ని మాత్రం ఆ గ్రంథం స్త్రీలకూ, నీచప్రకృతులుగా తాను లెక్కగట్టినవారికీ అంటగట్టింది. ధైర్యం పెద్దలకు, భయం పేదలకు అన్న ఈ పంపకాన్ని ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కథనం తలకిందులు చేసింది. ఉత్కంఠనూ స్ఫూర్తినీ ఒకేచోట అందించే రచనలకు తెలుగులో ఉన్న అసలైన విలువ ఈ మార్పులోనే కనిపిస్తుంది.

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఈ మార్పును గుర్తించడానికి తగిన చోటు. శాలంకాయనుల కాలంలోనూ, ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యుల కాలంలోనూ ఇది వేంగీపురంగా రాజ్యమేలిన నేల. ఆ రాజుల తామ్రశాసనాలు వంశాలనూ విజయాలనూ దానాలనూ నమోదు చేశాయి గాని, వరద వచ్చిన రాత్రి గట్టు మీద నిలబడ్డ రైతు పేరునో, తుపానులో బిడ్డను కాపాడుకున్న తల్లి పేరునో రాసిపెట్టవలసిన అవసరం వాటికి కలగలేదు. శాసనం విడిచిపెట్టిన ఆ మనుషులే ఆధునిక కథకు నాయకులయ్యారు.

రహస్యం వేరు, ఉత్కంఠ వేరు

అపరాధ పరిశోధక నవలకు మూలం రహస్యం: జరిగిపోయిన నేరాన్ని ఎవరు చేశారన్న ప్రశ్న పాఠకుణ్ణి నడిపిస్తుంది, జవాబు తెలియగానే ఆ ప్రశ్న తీరిపోతుంది. ఉత్కంఠ అందుకు భిన్నమైనది. ప్రమాదం ఏమిటో పాఠకుడికి ముందే తెలుసు, దాని ఎదుట నిలిచిన మనిషి గట్టెక్కుతాడా లేదా అన్నదే తెలియదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు 1950ల చివరి నుంచి మొదటి పద్ధతికి తెలుగులో విస్తారమైన పాఠకలోకాన్ని సంపాదించిపెట్టారు. అయితే యుగంధర్ అసాధారణ ప్రజ్ఞాశాలి. అతణ్ణి చూసి ఆశ్చర్యపోవచ్చు గాని, అతని స్థానంలో తనను ఊహించుకోవడం మామూలు పాఠకుడికి కష్టం.

యండమూరి వీరేంద్రనాథ్ ఈ దూరాన్ని తగ్గించారు. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ‘తులసిదళం’లో చేతబడి నీడ పడింది ఒక పసిపిల్ల మీద, దానితో తలపడవలసి వచ్చింది ఆమె తల్లిదండ్రులు. ‘అభిలాష’లో మరణశిక్ష రద్దు కావాలని తపించే యువ న్యాయవాది, ఆ తపన కారణంగానే ఉరికంబం అంచుకు చేరతాడు. మొదటి నవల మూఢనమ్మకానికి ఊతమిచ్చిందన్న విమర్శ నిజంగా ఆలోచించదగినదే. అయినా ఇంటి గడపలోకి వచ్చిన ఆపదను గృహస్థులే ఎదుర్కోవాలన్న కథాసూత్రం లక్షలాది పాఠకులను ఆకట్టుకున్నదన్న సంగతిని ఆ విమర్శ రద్దు చేయదు.

తుపాను రాత్రి ఒక బిచ్చగత్తె

ఈ సూత్రానికి అత్యున్నతమైన రూపం అంతకుముందే పశ్చిమగోదావరి నేల నుంచి వచ్చింది. అత్తిలి ప్రాంతంలోని తిరుపతిపురంలో 1915లో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’ నవల కాదు, కథానిక. కాని 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఆ కథను పక్కనబెట్టి తెలుగు ఉత్కంఠ గురించి మాట్లాడటం సాధ్యం కాదు. నియమబద్ధంగా బతికే రావుగారు, ఆయన పర్సు కాజేసిన బిచ్చగత్తె, తుపానులో చిక్కిన ఒక రైల్వే స్టేషన్ – ఇంతే సామగ్రి. గాలి పెరిగేకొద్దీ రావుగారి సిద్ధాంతాలు ఆయనకు ఆసరా ఇవ్వలేకపోగా, ఏ ఆసరా లేని ఆ స్త్రీ ఆయనకు ధైర్యం చెబుతుంది; తెల్లవారేసరికి ఆమె ప్రాణాలతో ఉండదు. శాస్త్రం ప్రకారం భయపడవలసిన మనిషి ధైర్యానికి ఆశ్రయమైంది, ధైర్యం చూపవలసిన పెద్దమనిషి ఆమె ఒడిలో పసివాడయ్యాడు.

ఇంటి లోపలి ప్రమాదం

ప్రమాదం ఎప్పుడూ గాలిగానో నీరుగానో వస్తుందనుకోవడం పొరపాటని తాడేపల్లిగూడెం దగ్గరి బొమ్మిడిలో 1939లో పుట్టిన రంగనాయకమ్మ నవలలు నిరూపించాయి. ‘పేకమేడలు’లో నాయికకు ఆపద బయటినుంచి రాదు, కాపురం చేస్తున్న ఇంట్లోనే ఉంటుంది, ‘జానకి విముక్తి’లో భర్త పీడన కింద నలిగిన గృహిణి ఆలోచించడం నేర్చుకుని బయటపడుతుంది. ఈ నవలల్లో హంతకుడు లేకపోయినా, నాయిక తరువాతి అడుగు వేస్తుందా, వెనక్కి తగ్గుతుందా అన్న ఆత్రుత పాఠకుణ్ణి వదలదు. స్ఫూర్తిదాయక రచన అంటే గెలుపు మంత్రాలు చెప్పేదని నమ్మే కాలంలో, ఓటమికి కారణాన్ని స్పష్టంగా చూపడం కూడా స్ఫూర్తినిస్తుందని ‘పేకమేడలు’ గుర్తుచేస్తుంది.

చిత్తూరు సీమ నుంచి వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఈ తలకిందుల పని పూర్తయింది. ఆ నవలానాయకుడు ఒక ముసలి పందుల కాపరి. అతని వీరకార్యం తన పందిని వెతుక్కుంటూ అడవిలో ఒక రాత్రి గడపడం. 1952లో వచ్చిన హెమింగ్వే ముసలి జాలరి నవలతో దీన్ని విమర్శకులు పోల్చడం సహజమే గాని, సమాజం చిన్నచూపు చూసిన వృత్తినే మహాకావ్య స్థాయికి ఎత్తిన సాహసం కేశవరెడ్డి సొంతం. గెలుపును చేతికి దక్కినదానితో కొలవలేమన్న సత్యాన్ని ఆ నవల ఉపన్యాసంగా చెప్పదు, అనుభవంగా అందిస్తుంది.

సరస్సే కథానాయిక

కొల్లేరు విషయానికి వస్తే, ఆపదలో పడింది ఒక మనిషి కాదు, ఒక జీవన విధానం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటిని నింపుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ మంచినీటి సరస్సు మీద లంక గ్రామాలు తరతరాలుగా దోనెలతో, వలలతో, వరిచేలతో ఆధారపడ్డాయి. అక్కడి పులపర్రు జీవితాన్ని చిత్రించిన అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’, వరద ముప్పును ఊరంతా కలిసి ఎదుర్కొన్న రోజుల నుంచి, చేపల చెరువులు సరస్సును ముక్కలు చేసిన రోజుల దాకా పాఠకుణ్ణి తీసుకువెళుతుంది. వసంత కన్నబిరాన్ ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’ పేరుతో దీన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఒంటరి వీరుడి స్థానంలో ఉమ్మడి ధైర్యాన్ని నిలపడం ఈ నవల సాధించిన ప్రత్యేకత. ఆ ఉమ్మడితనం సడలిపోవడమే ఇందులోని అసలు ప్రమాదం.

ఇంకా రాయవలసిన నవల

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది, 2006లో ఐదో కాంటూరు లోపలి, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టింది. సరస్సు బతకాలన్న న్యాయమైన కోరికకూ, చెరువు మీదే బతుకుతున్న కూలీ ఆకలికీ మధ్య నలిగినవారి కథ సాహిత్యంలో ఇంకా తగినంతగా రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఇళ్లకప్పుల మీద సాయం కోసం ఎదురుచూసినవారి రాత్రులు కూడా ఒక సమర్థుడైన నవలాకారుణ్ణి కోరుతున్నాయి.

నేరస్థుణ్ణి పట్టుకునే కథలు కాలక్షేపానికి ఎప్పుడూ దొరుకుతాయి. మామూలు మనిషి భయాన్ని దాచకుండా, అతని ధైర్యాన్ని పెంచి చెప్పకుండా రాసే నవలలు మాత్రం అరుదు. అవి ఆపదను ముందే గుర్తించే చూపునూ, పక్కవాడి కష్టంలో నిలబడే బుద్ధినీ పాఠకుడికి ఇస్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల శాఖా గ్రంథాలయాల్లోనూ పాఠశాలల్లోనూ పద్మరాజు, రంగనాయకమ్మ, కేశవరెడ్డి, కుటుంబరావు రచనలు పిల్లల చేతికి అందేలా చూడటం సాహిత్యాభిమానుల కోరికగా మిగిలిపోకూడదు, నీటి అంచున బతికే ఈ సీమ తన తరువాతి తరానికి తప్పక చేయవలసిన ఏర్పాటు కావాలి.